బరంపురం ఇంట్లో క్లౌన్‌ఫిష్ జంట: నీళ్ల తయారీ నుంచి జత కుదిరేదాకా

పోయిన వేసవిలో పర్లాకిమిడి నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నారింజ చేపలు రెండూ ఒకటే కొట్టుకుంటున్నాయి. ఒకదాని తోక చీలికలైపోయింది. మూలకి పోయి పైనే నిలబడిపోయింది" అన్నాడు.

"రెండూ ఒకే సైజా?" అని అడిగాను.

"అవును. జంటగా బాగుంటాయని దుకాణంలో సమానంగా ఉన్నవే ఏరి ఇచ్చారు. మూడంగుళాల పైనే ఉంటాయి రెండూ."

నాకు విషయం అర్థమైపోయింది. ఆ సైజుకి వచ్చిన రెండు చేపలూ ఆడవే అయ్యుంటాయి. "ఒరేయ్, ముందు ఒకదాన్ని చిల్లుల డబ్బాలో వేసి విడదియ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. ఆ తర్వాత వారం రోజులపాటు వాడికి చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్లకి ఉప్పునీటి చేపల దుకాణం దూరం, తెలుగులో వివరంగా చెప్పేవాళ్లు ఇంకా దూరం. కొన్నాక బాధపడేకంటే ముందే తెలుసుకుంటే చేప బతుకుతుంది.

ముందు ఆడా మగా సంగతి

క్లౌన్‌ఫిష్ పిల్లగా ఉన్నప్పుడు ఆడదీ కాదు, మగదీ కాదు. గుంపులో అన్నిటికంటే బలమైనది పెరిగి ఆడదవుతుంది. దాని తర్వాతి స్థానంలో ఉన్నది మగదవుతుంది. మిగతావి ఎదగకుండా చిన్నగానే ఉండిపోతాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, కింద ఉన్న పిల్లల్లో పెద్దది మగదిగా ఎదుగుతుంది. ఈ మార్పు ఒకవైపే నడుస్తుంది. ఒకసారి ఆడదైన చేప మళ్లీ మగది కాలేదు. అందుకే రెండు ఆడచేపల్ని ఒకచోట వేస్తే ఏదీ తగ్గదు, ఒకటి చచ్చేదాకా పోరు ఆగదు.

పెళ్లి సంబంధాల్లో ఈడూ జోడూ చూసినట్టు ఇక్కడ చూడకూడదు. ఒకటి స్పష్టంగా పెద్దదిగా, ఇంకోటి స్పష్టంగా చిన్నదిగా ఉండాలి. రెండూ పిల్లలైతే మరీ మంచిది. అంగుళంన్నర ఉన్నది ఒకటి, అంగుళం ఉన్నది ఒకటి తెచ్చుకుంటే, వాటిలో అవే తేల్చుకుంటాయి. పెద్దది ఆడదవుతుంది, చిన్నది తలవంచి మగదవుతుంది.

మొదటిసారి పెంచేవాళ్లు ఆసిలారిస్ జాతిని తీసుకోండి. అండమాన్ నీళ్లలో కూడా ఉండే జాతి అది, స్వభావం నెమ్మది. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే పెర్క్యులాకి తెల్ల పట్టీల చుట్టూ నల్ల అంచు సాధారణంగా మందంగా ఉంటుంది. ముదురు ఎరుపు మెరూన్ క్లౌన్ అందంగా ఉంటుంది కానీ దాని ఆడది మహా కోపిష్టి, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. ఏ జాతి తీసుకున్నా రెండూ ఒకే జాతివి అయ్యుండాలి.

గోపాలపూర్ నీళ్లు ఎందుకు వద్దంటున్నానంటే

అరగంటలో గోపాలపూర్ సముద్రం ఉండగా ఉప్పు పొట్లాలు కొనడమేంటని అందరూ అడుగుతారు. నాకూ మొదట్లో అదే అనిపించింది. కానీ బంగాళాఖాతంలో మన తీరం వెంబడి ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగ, మహానది నుంచి మన రుషికుల్య దాకా నదులన్నీ మంచినీళ్లు తెచ్చి కలుపుతాయి. వానలు వెనకబట్టాక కూడా ఆ పలచటి నీరు తీరం వెంట దక్షిణానికి పారుతూనే ఉంటుంది. దానికి తోడు ఒడ్డు దగ్గర మురుగు, పడవల నూనె, బురద ఉంటాయి. ఈ నెల బాగున్న బిందెడు నీళ్లు వచ్చే నెల చేపని చంపొచ్చు.

హుమ్మ ఉప్పుమళ్ల ఉప్పు కూడా పనికిరాదు. సముద్రపు నీరు ఎండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియం, పొటాషియం చాలావరకు మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతాయి, ఆ నీళ్లని పారబోస్తారు. మన చేతికొచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. అక్వేరియం కోసం తయారుచేసిన సాల్ట్ మిక్స్ కొనాల్సిందే. 100 లీటర్ల నీటికి మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది.

మంచినీళ్ల సంగతి ఇంకో చిక్కు. ఇంట్లో ఆర్వో ఉంది కదా అని దాని నీళ్లు పట్టేస్తారు. మన ఇళ్లలో తాగే ఆర్వో మిషన్లలో చాలావాటికి రుచి కోసం, ఫిల్టర్ కాని నీటిని కొంచెం కలిపే టీడీఎస్ వాల్వు ఉంటుంది. నీటిలో కరిగి ఉన్న లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, 80 నుంచి 100 చూపిస్తే అదే కారణం. అక్వేరియానికి ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా వచ్చిన, మీటరు మీద సున్నా చూపించే నీళ్లు కావాలి. ఈ ఒక్క ఖర్చు తగ్గించుకుంటే ఏడాది పొడవునా అద్దాల మీద నాచు గోకుతూ కూర్చోవాలి.

ఉప్పు కలిపాక ఒక రోజంతా చిన్న మోటారుతో తిప్పుతూ ఉంచి, అప్పుడు కొలవండి. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు), అంటే ఉప్పదనం కొలిచే పరికరం రిఫ్రాక్టోమీటర్‌లో 1.026 దగ్గర రావాలి. రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. ప్లాస్టిక్ ముల్లు ఉండే హైడ్రోమీటర్‌ని నేను నమ్మను. దాని ముల్లుకి ఒక్క బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది.

ట్యాంకు, దాని లోపలి బతుకు

80 లీటర్లలో జంట బతుకుతుంది కానీ, మన వేడికి పెద్ద ట్యాంకే నయం. నీళ్లు ఎక్కువ ఉంటే వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, పొరపాటు జరిగినా సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో దాదాపు 180 లీటర్లు పడతాయి. మా ఇంట్లో ఉన్నది అదే. పైన గాజు మూత బదులు దోమల మెష్ బిగించండి. క్లౌన్‌ఫిష్ గొడవపడేటప్పుడు బయటికి దూకుతుంది, మెష్ దాన్ని ఆపుతుంది, గాలీ ఆడుతుంది.

సముద్రం నుంచి పట్టుకొచ్చిన పగడపు రాయి, బతికున్న పగడం ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, అమ్మడం, కొనడం నేరం. అక్వేరియం కోసం చేసిన సిరామిక్ రాళ్లు చాలు. క్లౌన్‌ఫిష్‌కి అనిమోన్ (సముద్రంలో ఈ చేప ఆసరాగా చేసుకునే, పువ్వులా కనబడే జీవి) తప్పనిసరి అనుకోవడం కూడా పొరపాటే. హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో, పుట్టిన చేప రాతి సందునో, మట్టి కుండ పెంకునో, మోటారు పక్క మూలనో తన ఇల్లు చేసుకుంటుంది.

రాళ్లు పేర్చి, నీళ్లు నింపిన రోజున చేపని వేయకూడదు. చేప విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజి మీద పెరగాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప లేకుండానే అమ్మోనియా ద్రావణాన్ని 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు వంతులు) వచ్చేలా వేసి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు కొన్ని నీళ్లు మార్చి నైట్రేట్‌ని 20 పీపీఎం లోపుకి దించండి. నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటే చాలు. ఈ ఆరు వారాలు ఓపిక పట్టలేక మొదటి వారంలోనే చేపలు తెచ్చి పోగొట్టుకున్నవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఎండ, కరెంటు

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన గదుల్లో నీళ్లు 31, 32కి సులువుగా పోతాయి. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప ఊపిరికి అవస్థ పడుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గొచ్చు. కానీ మన తీరపు ఉక్కకి నీరు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి, ఫ్యాన్ కొరాపుట్ కొండల్లో పనిచేసినంతగా ఇక్కడ పనిచేయదు. నీటిని చల్లబరిచే చిల్లర్ అయినా కొనాలి, ట్యాంకు ఏసీ గదిలో అయినా ఉండాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లు పోయకండి. ఉప్పు ఆవిరి కాదు, అందుకని రోజూ డీఐ మంచినీళ్లే పోసి నీటిమట్టం గీత దగ్గరికి తేవాలి.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఇంట్లో అందరం వంతులేసుకుని చెంబుతో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ గాలి కలిపాం. మా అమ్మ తెల్లవారుజామున నాలుగు గంటల వంతు తీసుకుంది. ఇప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు రెండు, సెల్స్ ఒక డజను ఎప్పుడూ అల్మరాలో ఉంటాయి. తుఫాను హెచ్చరిక రాగానే మేత ఆపేయండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా గాలాడక చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే నేరుగా ఆన్ చేయకుండా, విప్పి కడిగి పెట్టాలి.

చేపల్ని ఎంచుకోవడం, ఇంటికి తేవడం

హేచరీలో పుట్టిన చేపలే అడగండి. తమిళనాడులో మండపం అనే ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కేంద్రం క్లౌన్‌ఫిష్‌ని హేచరీలో పెంచే పద్ధతి సాధించి చాలా ఏళ్లయింది, కాబట్టి మన దేశంలో పుట్టిన పిల్లలు దొరుకుతాయి. ఇవి గుళికల మేత తింటాయి, రోగాలు తక్కువ తెస్తాయి. ఒకే తొట్టెలో కలిసి పెరిగిన పిల్లల్లోంచి సైజు తేడా ఉన్న రెండింటిని ఏరుకుంటే జత సులువుగా కుదురుతుంది.

దుకాణంలో పది నిమిషాలు నిలబడి చూడండి. మీ ముందు మేత వేయమనండి. ఎగబడి తినేదాన్ని తీసుకోండి. ఒంటిమీద తెల్లటి జిగురు పొర, రొప్పుతున్నట్టు మొప్పల కదలిక, నీటి పైభాగానికే అతుక్కుని ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ తొట్టెలోని ఏ చేపా వద్దు. ఇంకో ప్రశ్న మరిచిపోకండి: "మీ తొట్టెలో ఉప్పదనం ఎంత?" ఖర్చు తగ్గుతుందని చాలామంది 1.018 నుంచి 1.020 దగ్గర ఉంచుతారు.

విశాఖ నుంచి మీరే రైల్లో తెచ్చుకుంటే చేప కవర్లో ఉండేది ఐదారు గంటలే. చెన్నై కొళత్తూరు వైపు నుంచి పార్సిల్ వస్తే ఒక రాత్రి దాటుతుంది. ఈ రెండింటికీ పద్ధతి వేరు, ఇది చాలామందికి తెలియదు. కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు పోగైన అమ్మోనియా పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. కవరు విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అదే నీటిలో అమ్మోనియం కాస్తా విషపు అమ్మోనియాగా మారుతుంది. అందుకని రాత్రంతా ప్రయాణం చేసిన కవర్లోకి గంటసేపు చుక్క చుక్కగా నీళ్లు వదిలితే మంచి చేయబోయి చెడు చేసినట్టే.

ఆ చేపల కోసం క్వారంటైన్ తొట్టెలో (కొత్త చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచే చిన్న తొట్టె) నీళ్లని ముందే దుకాణం ఉప్పదనానికి కలిపి పెట్టుకోండి. కవరు విప్పకుండా 20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి, వేడి సమానం అవుతుంది. తర్వాత విప్పి, కొన్ని నీళ్లు తీసి కొలిచి, తేడా లేకపోతే చిన్న గిన్నెతో చేపని ఎత్తి తొట్టెలోకి వదలండి. కవరు నీళ్లు ఒక్క చుక్క కూడా పోయొద్దు. ఉప్పదనాన్ని రోజుకి 0.001 చొప్పున నెమ్మదిగా 1.026 దాకా పెంచుకోండి. ఐదారు గంటల ప్రయాణమైతే మాత్రం, అరగంటపాటు సన్న ట్యూబుతో చుక్కలుగా మీ నీళ్లు కలపొచ్చు.

క్వారంటైన్ తొట్టెలోనే జత మొదలవుతుంది

నేను ఈ మొత్తం రాసింది ఈ ఒక్క మాట కోసం అనుకోండి. క్వారంటైన్ అంటే రోగం చూసుకోవడానికే అనుకుంటారు. నా అనుభవంలో జత కుదర్చడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ తొట్టె ఏ చేప సొత్తూ కాదు. రెండింటినీ ఒకే సాయంత్రం, ఒకేసారి, లైటు ఆర్పి వదిలితే "ఇది నా చోటు" అని పోరాడేందుకు ఏదీ ఉండదు. పైగా ఖాళీ అద్దాల తొట్టెలో మనకి ప్రతి కదలికా కనబడుతుంది.

50 నుంచి 60 లీటర్ల తొట్టె చాలు. కనీసం నెల రోజుల ముందు నుంచి పెద్ద ట్యాంకులో ఉంచిన స్పాంజి ఫిల్టర్‌ని ఇందులోకి మార్చండి, అప్పుడు బ్యాక్టీరియా కూడా వెంట వస్తుంది. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు మూడు వేయండి. రెండే వేస్తే పెద్దది రెండూ నావే అంటుంది. నాలుగు వారాలు ఇక్కడే ఉంచాలి.

మొదటి రోజు పెద్దది చిన్నదాన్ని తరుముతుంది. కొద్దిగా కొరుకుతుంది. చేతులు కట్టుకుని చూడండి, తొందరపడి విడదీయకండి. అద్దానికి దగ్గరగా చెవి పెడితే పళ్లు తాటించినట్టు చిన్న టక్ టక్ వినబడుతుంది, క్లౌన్‌ఫిష్ దవడలు మూసి చేసే శబ్దం అది. మీరు ఎదురుచూడాల్సింది ఇంకోటి: పెద్దది దగ్గరికి రాగానే చిన్నది పక్కకి వాలి, తల నుంచి తోకదాకా ఒళ్లంతా వణికిస్తుంది. జ్వరం వచ్చి వణికినట్టు రెండు మూడు సెకన్లు ఉంటుంది, అంతే. మొదటిసారి చూసినప్పుడు చేపకి ఏదో అయిపోయిందని నాకు టెన్షన్ పట్టుకుంది. అది "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం. ఆ వణుకు కనబడిందంటే జత కుదిరే దారిలో ఉన్నట్టే. తర్వాత కొన్ని రోజుల్లో రాత్రిపూట రెండూ ఒకే పైపు దగ్గర, ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. పొద్దున లైటు వేయకముందే చూస్తే తెలుస్తుంది.

వణుకు లేకుండా రెండూ నోళ్లు పట్టుకుని పెనుగులాడుతుంటే, రెక్కలు చిరిగితే, చిన్నది మేతకి రాకుండా పై మూలలో నిలబడిపోతే, ఆ గంటలోనే విడదీయండి. మా మేనల్లుడి ట్యాంకులో కనబడింది ఇదే. వంటింట్లోని పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకి చుట్టూ చిల్లులు పొడిచి, అంచులు నున్నగా చేసి, తొట్టె లోపల వేలాడదీస్తే చాలు. కొట్టేదాన్ని అందులో వేయాలి, దెబ్బలు తిన్నదాన్ని బయట తిరగనివ్వాలి. మూడు నాలుగు రోజులు ఒకదాన్నొకటి చూస్తూ ఉన్నాక, పైపుల చోటు మార్చి, చీకట్లో వదలండి. రెండుసార్లు ఇలా చేసినా పోరు తగ్గకపోతే ఆ రెండింటికీ కుదరదు. మా మేనల్లుడు తన రెండు ఆడచేపల్లో ఒకదాన్ని దుకాణానికి తిరిగిచ్చి, అంగుళం పిల్లని తెచ్చుకున్నాడు. తొమ్మిదో రోజున వీడియో పంపాడు, చిన్నది వణుకుతోంది.

ఇప్పటికే పెద్ద ట్యాంకులో ఒక్క క్లౌన్‌ఫిష్ ఉన్నవాళ్లు, కొత్త చిన్నదాన్ని క్వారంటైన్ అయ్యాక డబ్బాలో ఉంచి అదే ట్యాంకులో ఐదు నుంచి ఏడు రోజులు వేలాడదీయండి. తర్వాత రాళ్లు సర్ది, సాయంత్రం వదలండి. మేత ట్యాంకు రెండు చివర్లా ఒకేసారి వేయాలి, లేకపోతే చిన్నది ఆకలితో ఉండిపోతుంది.

ఈ నాలుగు వారాల్లో భయపడాల్సిన రోగం బ్రూక్లినెల్లా. ఒళ్లంతా తెల్లటి జిగురు ఊడి వేలాడుతుంది, చేప రొప్పుతూ ఊపిరి తీస్తుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అక్వేరియం ఫార్మలిన్‌తో వైద్యం చేస్తారు. అది మనుషులకీ ప్రమాదకరమైన మందు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, సీసా మీద రాసిన మోతాదు దాటకుండా వాడాలి. ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు వస్తే అది మెరైన్ ఇక్, దానికి రాగి మందు. రాగి ఎప్పుడూ క్వారంటైన్ తొట్టెలోనే వాడండి, పెద్ద ట్యాంకులోకి పోతే రొయ్యలూ నత్తలూ బతకవు.

పెద్ద ట్యాంకులోకి, ఆ తర్వాత

రెండింటినీ కలిపే మార్చండి, ఒకదాన్ని ముందు పంపొద్దు. ముందు వెళ్లినది ట్యాంకంతా తనదే అనుకుంటుంది. మా ఇంట్లో మార్చిన వారమే ఠాకురాణి యాత్రకని చుట్టాలు దిగారు, పిల్లలు రోజంతా అద్దం మీద కొట్టి పిలిచేవాళ్లు. చేపలు రెండు రోజులు మేత ముట్టలేదు. అద్దానికి ఒక పాత చీర కడితే సర్దుకున్నాయి. మీరూ మొదటి వారం అలా కప్పి ఉంచండి. రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేయగలిగినంత గుళికలు, మధ్యమధ్యలో రొయ్యల్లాంటి చిన్న జీవులైన ఆర్టీమియా, మైసిస్ ఫ్రోజెన్‌వి చాలు.

ఆడది క్రమంగా పెరిగి మగదానికంటే బాగా పెద్దగా కనబడుతుంది. కొన్ని నెలలకో ఏడాదికో రెండూ కలిసి ఒక పెంకునో రాయినో నోటితో గీకి శుభ్రం చేయడం మొదలుపెడితే గుడ్లకి సిద్ధమైనట్టు. మా ట్యాంకులో అది మజ్జిగ కుండ పెంకు. నారింజ రంగు గుడ్లు రోజులు గడిచేకొద్దీ ముదురుతాయి, చివర్లో వెండి రంగు కళ్లు మెరుస్తాయి. మగది రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. వారం పది రోజుల్లో చీకటి పడ్డాక పిల్లలు బయటికొస్తాయి. వాటిని పెంచాలంటే రోటిఫర్లనే సూక్ష్మజీవుల మేత ముందే సిద్ధంగా ఉండాలి.

జాగ్రత్తగా చూసుకుంటే ఈ చేపలు పదేళ్లు దాటి బతుకుతాయి. ఎప్పుడైనా ఆడది పోతే, మిగిలిన మగది కొన్ని వారాల నుంచి నెలల్లో ఆడదిగా మారుతుంది. కాబట్టి దానికి తోడు తెచ్చేటప్పుడు పోయినదాని సైజు చూడకండి. ఉన్నదానికంటే చిన్నదాన్నే తెచ్చి, మళ్లీ క్వారంటైన్ నుంచి మొదలుపెట్టండి.